వెల్లుల్లి తేలాలి

నేను ఒక రాయిని అని మొదలుపెడితే అబద్ధం కాదు గానీ, అలా అంటే మీరు నన్ను గుమ్మం ముందు మెట్టో, కాలవ గట్టు మీద బట్టలుతికే బండో అనుకుంటారు. నాకు మధ్యలో గుంట ఉంది. నిజానికి ఆ గుంటే నేను. చుట్టూ ఉన్న రాయి దాన్ని పట్టుకుని కూర్చోవడానికి మాత్రమే. పచ్చడి నూరుకునే చిన్న రోలుని. ఒక మనిషి చంకలో పెట్టుకుని, మధ్యమధ్య ఆగి ఆయాసపడుతూ మోయగలిగేంత బరువు. పిండి రుబ్బే పెద్ద రోళ్ళ ముందు నాకేమంత హోదా లేదు. కానీ ఒక ఇంట్లో ఎవరి నాలుకకి ఏది పడుతుందో, ఎవరికి ఎప్పుడు కోపం వచ్చిందో వాటికంటే నాకే బాగా తెలుసు.

రాజమండ్రి అవతల ఒక కొండ దగ్గర పుట్టాను. నన్ను పగలగొట్టింది ఒక మగమనిషి, తొలిచింది అతని భార్య. ఆవిడ ఉలి ఆపినప్పుడల్లా పిడికిలి బిగించి నాలో దింపి చూసుకునేది. మణికట్టు దాకా దిగాక, ఇక చాలు అంది. కాబట్టి నా లోతు ఒక ఆడమనిషి పిడికిలి లోతు. ఇది ఎవరికీ చెప్పుకోలేదు గానీ, నాకు కాస్త గర్వంగానే ఉంటుంది.

వాడపల్లి తీర్థంలో నన్ను అమ్మకానికి పెట్టారు. కొత్తగా పెళ్ళైన అచ్చియమ్మ మొగుడితో తీర్థానికి వచ్చింది. అతను గాజులు కొందామని లాక్కుపోతుంటే ఆవిడ నా దగ్గర ఆగిపోయింది. వేలి కణుపుతో నా అంచు మీద కొట్టి, చెవి దగ్గరగా ఆనించి విన్నది. బీట ఉంటే రాయి బొంగురుగా పలుకుతుందట. నేను గణగణమన్నాను. గాజులు మానేసి నన్ను కొనుక్కుంది. మొగుడు సైకిలు వెనక నన్ను తువ్వాలుతో కట్టి, ఊరు చేరేదాకా సణుగుతూనే తోసుకొచ్చాడు. ఆవిడ మాత్రం పక్కన నడుస్తూ దారంతా నా మీద చెయ్యి తియ్యలేదు.

ఇంటికి వెళ్ళగానే నాకు విందు చేస్తారనుకున్నాను. తవుడు పోసి రుబ్బి పారబోశారు. నానిన బియ్యం వేసి రుబ్బి పారబోశారు. నాలో రాతిపొడి పోయేదాకా ఏది పెట్టినా నోటిదాకా తెచ్చి లాగేసుకోవడమే. ఆ తర్వాత మొదలైంది అసలు జీవితం. గోంగూర, చింతకాయ, కందిపచ్చడి, బాలింతకి శొంఠి, పిల్లల దగ్గుకి మిరియాలు. మనుషులు నాలో ఇవే దంచుతున్నామనుకుంటారు. కోపాలు కూడా దంచుతారు. మొగుడితో మాటలు లేని రోజు అచ్చియమ్మ చేసిన పచ్చడి వెన్నలా ఉండేది. ఇంట్లో అంతా సవ్యంగా ఉన్న రోజు పచ్చడిలో మిరపకాయలు సగం నలిగి సగం నలక్క తగిలేవి. ఆ మొగుడికి చివరి రోజు వరకూ ఏ పచ్చడి ఎందుకు బాగుంటుందో తెలియలేదు.

మిక్సీ వచ్చాక నన్ను పెరట్లో పెట్టారు. వాన పడితే నీళ్ళు నిలిచేవి, కోళ్ళు తాగేవి. ఒక పుంజు నన్ను సొంతం చేసుకుని నా అంచు మీద నిలబడి కూసేది. అవమానం అనుకోలేదు. పెరటి గుమ్మం దగ్గర కూర్చుంటే ఇంట్లో మాటలన్నీ వినపడతాయి. నాకు అంతకంటే ఏం కావాలి?

అచ్చియమ్మ కొడుకు ఏడుకొండలు. అతని పెళ్ళాం సత్యవేణి. పెళ్ళైన కొత్తలో వేణి మెత్తగా, నవ్వుతూ ఉండేది. రొయ్యల చెరువుకి తెగులొచ్చి చేతిలో ఉన్నదంతా నీళ్ళపాలయ్యాక, ఒక పెద్దింటి వంటగదిలో పనికని సౌదీ వెళ్ళింది. కూతురు యామిని అప్పుడు గోడ పట్టుకుని అడుగులేస్తోంది. ఈ మధ్య వేణి ఇక వెళ్ళేది లేదని పెట్టెలన్నీ సర్దుకుని వచ్చేసేసరికి, యామిని లంగా ఓణీలు అడిగే వయసుకి వచ్చింది.

యామిని గురించి చెప్పాలి. మామ్మ దగ్గర ఆ పిల్ల రాక్షసి. జడ వేస్తే లాగావంటుంది, పాలు ఇస్తే మీగడ ఉందంటుంది, చెప్పు దొరక్కపోతే మామ్మే దాచిందంటుంది. రోజుకి ఒకసారైనా "నాతో మాట్లాడకు పో" అని అరుస్తుంది, అరగంటలో వచ్చి మామ్మ ఒళ్ళో తల పెట్టుకుంటుంది. అలాంటిది తల్లి గదిలోకి రాగానే బడి తనిఖీకి అధికారి వచ్చినట్టు సర్దుకుని కూర్చుంటుంది. తల్లి ఏం పెట్టినా తింటుంది, "బాగుందండి" అంటుంది. కంచం కడిగి పెడుతుంది. ఆ తర్వాత పెరట్లోకి వచ్చి, మామ్మ చేతి చద్దన్నం నాలుగు ముద్దలు తిని మూతి తుడుచుకుని వెళుతుంది.

ఒకనాటి సాయంత్రం అత్తాకోడళ్ళు పెరటి మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు.

"ఫోన్లో బానే నవ్వేది గదా అత్తయ్యా," అంది వేణి.

"ఇప్పుడూ నవ్వుతుందిగా."

"అదే. నవ్వుతుంది. పొద్దున్న జడ ఎంత బిగించేసేనో నాకే తెలుసు. కళ్ళమ్మట నీళ్ళొచ్చినియ్ గానీ అబ్బా అన్లేదు. అదే నువ్వైతే?"

"ఇల్లు పీకి పందిరేసేది."

"నా దగ్గర ఒక్కసారీ పీకదే! ఒక్క పేచీ, ఒక్క అలక... ఏదీ లేదు. చుట్టపుచూపుకొచ్చిందాన్ని చూసినట్టు చూత్తంది నన్ను."

అచ్చియమ్మ చిక్కుడుకాయ చిదిపి కోడలి మొహంలోకి చూసింది. "పిల్ల పేచీ పెట్టట్లేదని ఏడిసే తల్లిని నిన్నే చూత్తన్నానే," అంది. కానీ నవ్వలేదు. ఆ రాత్రి అన్నాల దగ్గర మనవరాలిని "అమ్మ దగ్గర కూచో, అమ్మనడుగు" అని మాటిమాటికీ తోసింది. పిల్ల వెళ్ళి బుద్ధిగా కూర్చుంది. అదే కదా గొడవంతా.

ఆదివారం పొద్దున్న వేణి పెట్టెలో అడుగున, జీన్స్ ప్యాంటులో చుట్టి దాచిన సీసా బయటికి తీసింది. చిన్న చేపల్ని ఉప్పులో నెలల తరబడి ఊరవేసి తీసిన ఎర్రటి నీళ్ళు అందులో ఉన్నాయి. వంటింట్లో మిక్సీ తిరిగిన చప్పుడు, వెంటనే "ఛ" అన్న మాట వినపడ్డాయి. వెల్లుల్లి ముద్దైపోయి చేదు వాసన వేసింది. ఆవిడకి ముద్ద కాదు, నలిగిన ముక్క కావాలి. అటూ ఇటూ చూస్తూ పెరటి గుమ్మంలోకి వచ్చింది. నన్ను చూసింది. పుంజుని "హుష్" అని తోలి, కల్లుప్పు వేసి కొబ్బరిపీచుతో నన్ను తోమిన తోముడికి, నా ఒంట్లో ఇన్నాళ్ళూ నాచు ఏదో రాయి ఏదో నాకే తెలియలేదని అర్థమైంది. చంకనెత్తుకుని తీసుకెళ్ళి వంటింట్లో నేల మీద దించింది.

యామిని మంచినీళ్ళకని వచ్చి, తల్లి నేల మీద కూర్చుని ఉండడం చూసి, కాస్త ఎడంగా తనూ చేతులు కట్టుకుని కూర్చుంది.

"సౌదీలో మా వంటింట్లో హోవా అని ఒకావిడుండేది," అని మొదలుపెట్టింది వేణి, వెల్లుల్లి రెబ్బ నాలో పడేస్తూ. "వియత్నాం దేశం. ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకి రాదు. ఇద్దరికీ కలిపి వంటింటి అరబ్బీ నాలుగు ముక్కలొచ్చు. ఉప్పు, మంట, తొందరగా, మేడమ్ వత్తంది. అంతే."

యామిని నవ్వబోయి ఆపుకుంది.

"శుక్రవారం మజ్జాన్నం ఇంట్లోవాళ్ళంతా బయటికెళ్ళేవాళ్ళు. అప్పుడు హోవా ఇది చేసేది. నూక్ చమ్ అంటారు వాళ్ళు. కీరా ముక్కో, ఉడికిన గుడ్డో, ఏది దొరికితే అది ముంచుకు తినేవాళ్ళం. వారమంతా అందరికీ వండేవాళ్ళం, ఇది మాత్రం మాకోసం."

చెయ్యడం చూస్తే పెద్ద పనేమీ కాదు. గోరువెచ్చని నీళ్ళలో పంచదార కరిగించి చల్లార్చింది. నిమ్మకాయ పిండింది. తర్వాత సీసా మూత తీసింది. ఇన్నేళ్ళలో నేను ఎన్నో వాసనలు మోశాను గానీ ఈ వాసనకి మాత్రం వంటింటి గోడలు కూడా ఒకసారి వెనక్కి జరిగాయనిపించింది. అచ్చియమ్మ పమిట ముక్కుకి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పారిపోయింది. పక్కింట్లోంచి, పూతరేకులు చేసి అమ్మే బుల్లెమ్మ గోడ మీదుగా తల పెట్టింది.

"అచ్చియమ్మొదినా! మీ ఇంట్లో ఎండుచేపల గంప ఏవన్నా తిరగబడిందేంటి?"

"కాదే బుల్లెమ్మా! మా కోడలు సౌదీ నించి సెంటు తెచ్చింది!"

"నాకొద్దులే తల్లీ, నువ్వే పూసుకో!"

వేణి పట్టించుకోలేదు. ఆ ఎర్రనీళ్ళు చెంచాతో కొంచెం కొంచెంగా కలుపుతూ, ప్రతిసారీ వేలితో నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకుంటోంది. పులుపు, తీపి, ఉప్పు, ఏ ఒక్కటీ రెండోదాన్ని తోసుకుని ముందుకు రాకూడదట. అప్పుడు నా దగ్గరికి వచ్చింది. పచ్చడిబండతో వెల్లుల్లిని, పండుమిరపకాయని గట్టిగా కాకుండా, పడుకున్న పిల్లని లేపినట్టు తట్టింది. ఆ ముక్కల్ని తీసి గిన్నెలో వేసింది. తెల్లగా, ఎర్రగా పైకి తేలి నిలబడ్డాయి.

"తేలాలి," అంది వేణి. "మునిగితే హోవా మొత్తం పారబోసేది."

"ఎందుకు తేలాలండి?" ఆ పిల్ల తల్లిని అడిగిన మొదటి ప్రశ్న అదేనని నాకు అనుమానం.

"ఏమో. అడుగుదామంటే భాషేదీ? తేలితే ఇద్దరం చప్పట్లు కొట్టుకునేవాళ్ళం."

వేణి ఒక చుక్క తీసి కూతురి అరచేతిలో వేసింది. యామిని నాకింది. కనుబొమలు పైకి లేచాయి. మళ్ళీ వెంటనే దిగిపోయాయి.

"బాగుందండి," అంది.

వేణి చేతులు తుడుచుకుంది. "సరే. బుల్లెమ్మత్త దగ్గర ఉత్త రేకులు తెత్తాను, కూచో," అని వెళ్ళిపోయింది. ఆత్రేయపురం చుట్టుపక్కల పూతరేకులు ఎవరికి తెలియవు? బియ్యప్పిండి జారుని కాగిన కుండ మీద పరిచి, కాగితం కంటే పలచగా తీసే రేకులు. హోవా వాళ్ళ ఊళ్ళో రొయ్యల్ని అలాంటి బియ్యపు రేకులోనే చుట్టి తింటారట. "నెయ్యీ పంచదారా లేకుండా ఉత్త రేకులా? ఎవరన్నా తింటారా అమ్మా?" అని గోడవతల బుల్లెమ్మ విస్తుపోవడం వినపడింది.

వంటింట్లో నేనూ యామినీ మిగిలాం. ఆ పిల్ల గుమ్మం వైపు చూసింది. పెరటి వైపు చూసింది. మెల్లగా నా దగ్గరికి జరిగి, నా గోడలకి అంటుకున్న వెల్లుల్లి తునకల్ని వేలితో గీకి నోట్లో పెట్టుకుంది. ఉస్సుమంది. పిండేసిన నిమ్మచెక్క తీసి నాలో ఇంకోసారి పిండి, మళ్ళీ గీకింది. చెవులు ఎర్రబడ్డాయి, ముక్కు కారింది, అయినా ఆపలేదు. చివరికి నన్ను ఓరగా ఒంచి మరీ తుడిచి నాకింది. ఇన్నేళ్ళలో నన్ను ఇంత శుభ్రంగా ఎవరూ కడగలేదు. అడుగుల చప్పుడు కాగానే మూతి తుడుచుకుని పరుగెత్తింది.

వచ్చింది అచ్చియమ్మ. గిన్నెలోకి తొంగి చూసింది. పలచటి నీళ్ళు, పచ్చి వెల్లుల్లి, నూనె చుక్క లేదు, ఒక్క ఆవగింజ లేదు. ఆవిడ మొహంలో జాలి చూడాలి.

"పాపం, ఎడారిలో ఉండి ఉండి పోపు సంగతే మర్చిపోయింది పిచ్చిది," అంది.

నేను అరవగలిగితే అప్పుడు అరిచేదాన్ని. కోడలి మీద ప్రేమతో ఆవిడ బాండీ పెట్టింది. నూనె కాగింది. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు, ధారాళంగా ఇంగువ. చుయ్యిమని ఆ గిన్నెలో పోసేసింది. తెల్లగా తేలుతున్న వెల్లుల్లి నూనె కింద మునిగింది. ఆవిడ తృప్తిగా చేతులు దులుపుకుంది. ఆవాలు చిటపటమన్నాకే ఏ వంటైనా పూర్తవుతుందని నమ్మిన చెయ్యి అది. ఎవరు తప్పుపడతారు?

వేణి రేకులతో వచ్చి గిన్నె చూసింది. రేకులు గట్టు మీద పెట్టింది.

"పోపు మర్చిపోయేవే. నేనేసేన్లే," అంది అత్త.

వేణి తలూపింది. "మంచి పని చేసేవత్తయ్యా," అంది.

తల్లికీ కూతురికీ ఉన్న జబ్బు ఒకటేనని నాకు అప్పుడు తెలిసింది. ఇద్దరూ ఆ ఇంట్లో మర్యాదస్తులు.

అందరూ వంటింట్లోనే బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. తడిచేత్తో మెత్తబరిచిన రేకులో ఉడికిన రొయ్యలు, కీరా ముక్కలు, కొత్తిమీర పెట్టి వేణి చుట్టలు చుట్టి ఇచ్చింది. ఏడుకొండలు గిన్నెలోది అన్నంలో పోసుకుని, "చారు కొత్తరకంగా ఉందే," అన్నాడు. యామిని చుట్ట ముంచింది, కొరికింది. నమలడం ఆపేసింది.

"ఇది కాదు," అంది.

"ఏంటమ్మా?" అంది వేణి.

"ఇది కాదు! పొద్దున్నది ఇలా లేదు. ఇంగువేంటి ఇందులో? నూనేంటి? వెల్లుల్లేదీ?"

"మామ్మ పోపేసింది నాన్నా. బానే ఉంది, తిను."

"బానే లేదు! నువ్వు తిని చెప్పు, బానే ఉందా? మునిగితే పారబొయ్యాలని నువ్వే చెప్పేవుగా? మరి మామ్మ పోసేస్తే ఏం చేశావు?"

"నేను లేనుగా అప్పుడు..."

"వచ్చేక చూశావుగా! చూసి కూడా మంచి పని చేసేవంటావా? నేను విన్నాను. నీకోసం నువ్వు చేసుకునేదన్నావు, నాకిచ్చావు, నాకు నచ్చింది. అది పాడైపోతే నీకు కోపం రాదా? ఎప్పుడూ ఇంతే నువ్వు! ఏదీ గట్టిగా అనవు, ఏదీ అడగవు!"

కంచం తోసేసింది. గ్లాసు దొర్లి నీళ్ళు నా అడుగు దాకా వచ్చాయి. "నాతో ఎవరూ మాట్లాడకండి," అని అరిచి, వసారాలో మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది.

ఏడుకొండలు కోపంగా లేవబోయాడు. వేణి అతని చెయ్యి పట్టుకుని ఆపింది. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు, మొహం నిండా నవ్వు.

"అత్తయ్యా, విన్నావా?"

"విన్నాను. ఊరంతా వినుంటారు."

"నా మీదేనా అరిచింది?"

"నీ మీదే తల్లీ," అంది అచ్చియమ్మ, తన పోపు కలిపిన అన్నం ముద్ద చేస్తూ. "నిక్షేపంగా నీ మీదే. ఎల్లు, ఎల్లు. అలా ఒదిలేత్తే సాయంత్రందాకా లెగదది. నాకు తెలుసు."

వేణి లేచి వసారా గుమ్మంలో నిలబడింది. నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"యామినీ! లే. తినకపోతే మానెయ్. వెల్లుల్లి ఎవరొలుత్తారు?"

"నేనొలవను."

"ఒలవకపోతే పోపుదే తిను నెల్లాళ్ళూ. సీసాలో ఉన్నదంతా మామ్మకిచ్చేత్తాను."

తర్వాత మంచం కిర్రుమంది.

ఈసారి నా ముందు ఇద్దరు కూర్చున్నారు. యామిని పచ్చడిబండ లాక్కుంది.

"నెమ్మది. పిండి చేసేత్తావు."

"నాకు తెలుసు."

"ఏం తెలుసు నీకు? ఇప్పుడే గదా చూశావు."

"రోట్లో రుచి నీకంటే నేనే ఎక్కువ చూశాను," అని నాలుక కరుచుకుంది. వేణి నాలోకి వంగి చూసింది, మూలన పడి ఉన్న నిమ్మచెక్కని చూసింది, కూతురి ముక్కు చివర ఎరుపు చూసింది. పగలబడి నవ్వింది. యామినికి ఒళ్ళు మండి తల్లి భుజం మీద ఒకటి కొట్టింది. ఆ దెబ్బకి వేణి మళ్ళీ నవ్వింది.

వెల్లుల్లి వేశారు. తేలింది. వేణి చప్పట్లు కొట్టింది. యామిని కొట్టలేదు. వేలు ముంచి నాకి, "పంచదార ఎక్కువేసేవు," అంది.

"నీ మొహం. పులుపెక్కువైంది, నువ్వే పిండేవు."

"నువ్వు కొలిచి వెయ్యవు, అందుకే."

"హోవా కొలిచేదా?"

"నేను హోవానా?"

అచ్చియమ్మ ఓ మూల కూర్చుని పోపుదాన్ని లొట్టలేసుకుంటూ ఖాళీ చేసేసి, మీరిద్దరూ తగువులాడుకోండి, నాకిదే బాగుందంది.

అప్పటి నుంచి నేను పెరట్లోకి వెళ్ళలేదు. అయితే నా చోటు ఇంకా ఖాయం కాలేదు. తల్లి నన్ను గట్టు కింద పెట్టాలంటుంది, కాళ్ళకి అడ్డం లేకుండా. కూతురు కిటికీ పక్కన పెట్టాలంటుంది, వెలుతురుంటే ముక్కలు కనిపిస్తాయని. పొద్దున్న ఒకరు నన్ను అటు దొర్లిస్తారు, సాయంత్రం ఒకరు ఇటు దొర్లిస్తారు, ఇద్దరూ నడుము పట్టుకుని ఒకరినొకరు తిట్టుకుంటారు. "ఏదో ఒకటి తేల్చుకు చావండి!" అని ఏడుకొండలు విసుక్కుంటున్నాడు.

నేను రాయిని. నాకేమీ తొందర లేదు. వాళ్ళు తేల్చుకోకుండా ఉంటే చాలు.